ముల్లు తీసిన చేప

ఈ నేరం మీదే. పెద్దాసుపత్రిలో ఉన్న ఒక్కగానొక్క సర్జన్‌ని ఆపరేషన్ బల్ల దగ్గర్నుంచి లాక్కొచ్చి కాన్వాయ్‌లో కూర్చోబెట్టిన అధికారులారా, మీదే. ఆ ఉత్తర్వు మీద సంతకం గీకి, ఆ చేత్తోనే టీ కప్పు అందుకున్న పెద్దమనుషులారా, మీదే. రోడ్డు పక్కన నిలబడి, ఒక్క మనిషి వెనకాల ఎన్ని బండ్లు పోతున్నాయో చూసి నోరెళ్లబెట్టి, అది చాలక ఇంటికి ఫోన్ చేసి మరీ చెప్పుకున్న జనమా, మీది కూడా. నాయకుడి తప్పు ఇందులో ఆవగింజంతైనా లేదు. ఆయనకు ఆకలేసింది, తిన్నాడు. ఆకలేసినవాడు తినడం ఏ చట్టంలోనూ నేరం కాదు. జరిగింది జరిగినట్టు వినండి. ఎవరి వాటా ఎంతో తర్వాత మీలో మీరే పంచుకోండి.

టైలరమ్మ స్కూలు పిల్లల యూనిఫాంలు కుడుతుంది. వీధి మొత్తానికి ఆవిడ టైలరమ్మే. మొగుడు లిఫ్టులు బాగుచేస్తాడు కాబట్టి ఆయన లిఫ్టాయన. టైలరమ్మ కడుపులో గడ్డ ఉంది. మొదట్లో నిమ్మకాయంత అన్నారు. తర్వాత నారింజ అన్నారు. "పళ్ల దుకాణం పూర్తయ్యేలోపు తీయించెయ్యండి ఆంటీ, తర్వాత ప్రాణం మీదికొస్తుంది" అని స్కాన్ తీసిన అమ్మాయి నవ్వుతూనే చెప్పింది, కానీ కళ్లు నవ్వలేదు. అప్పట్నుంచీ టైలరమ్మ ఒక చెయ్యి మిషను మీదా, ఒక చెయ్యి పొట్ట మీదా పెట్టి కుడుతోంది. రక్తం పోయి పోయి మొహం తెల్లకాగితంలా అయింది. చూసినవాళ్లు "రంగొచ్చావే" అన్నారు.

ఆపరేషన్‌కి తేదీలు ఇవ్వలేదని ఆసుపత్రిని నిందించడం అన్యాయం. ఇచ్చారు. మొదటి తేదీన నాయకుడు ఊళ్లో వంతెనకు శంకుస్థాపన చేశాడు. ఆయన ఆరోగ్యం జాతి సంపద కాబట్టి, ఆయన ఎక్కడికెళ్లినా వెంట ఒక అంబులెన్సూ, అందులో ఒక సర్జనూ ఉండి తీరాలని నిబంధన. సర్జన్ వెళ్లాడు. టైలరమ్మ పొద్దుటి నుంచి పచ్చి మంచినీళ్లైనా ముట్టకుండా వరండాలో కూర్చుని, సాయంత్రం ఇంటికొచ్చింది. రెండో తేదీన అదే వంతెనకు అదే చోట ఇంకో శంకుస్థాపన జరిగింది. మొదటి రాయి మీద ఆయన పేరు కన్నా వంతెన పేరు పెద్దదిగా పడిందట. అలాంటి పొరపాటును ఏ ఆత్మాభిమానం ఉన్న ప్రభుత్వం సహిస్తుంది. మూడో తేదీన నాయకుడు ఊళ్లో ఆగనే లేదు, బైపాస్ మీదుగా సర్రున వెళ్లిపోయాడు. కానీ గుండెపోటుకి బైపాస్ అనీ మెయిన్ రోడ్డనీ తేడా ఉండదు కదా. సర్జన్ బైపాస్ మీద నిలబడ్డాడు.

నాలుగో తేదీ వచ్చింది. రేపు పొద్దున్నే చేరాలి. రాత్రి ఏమీ తినకూడదు. అందుకని లిఫ్టాయన ముందు రోజు మధ్యాహ్నం పెళ్లాన్ని హోటలుకు తీసుకెళ్తానన్నాడు. "కోత అయ్యాక మళ్లీ ఎన్నాళ్లకి బయట తింటావో" అన్నాడు. అసలు సంగతి ఆయనకు భయం వేస్తోంది. భయం వేసినప్పుడు ఆయన ఖర్చు పెడతాడు.

వాళ్లతోపాటు ఆడపడుచు కూడా బయల్దేరింది. లిఫ్టాయనకు అక్క. ఆపరేషన్ అయ్యాక సాయం చేస్తానని వచ్చి, మూడు తేదీలుగా ఇంట్లోనే ఉంది. మనిషి నిండుగా, కళగా ఉంటుంది. ఫోను తెర మీద కన్నకొడుకు బొమ్మ తీసేసి నాయకుడి బొమ్మ పెట్టుకుంది. "కొడుకు నెలకోసారైనా మాట్లాడడు. ఈయన రోజూ టీవీలో మాట్లాడతాడు" అని ఆవిడ లెక్క. కాదనడానికి ఏముంది.

ఆ హోటలు మేడ మీద ఉంది. దాని లిఫ్టు లిఫ్టాయన చేతి కిందిదే. గుమ్మం దగ్గర ఆ రోజు ఎందుకో కాపలా ఎక్కువగా ఉంది. వచ్చినవాళ్లనల్లా వెనక్కి పంపుతున్నారు. కాపలావాడు లిఫ్టాయన్ని చూసి, "లిఫ్టు కోసమా, వెళ్లు వెళ్లు" అన్నాడు. లిఫ్టు కోసం వచ్చినవాడు ఇద్దరు ఆడవాళ్లను వెంటేసుకుని, ఉతికిన బట్టలు కట్టుకుని ఎందుకొస్తాడని అతను ఆలోచించలేదు. ఆలోచించడం అతని పని కాదు.

ఇక్కడ ప్రభుత్వ పథకం ఒకటి మీకు తెలియాలి. పథకం పేరు 'అనుకోని భోజనం'. నాయకుడు ఉన్నట్టుండి, ఎవరికీ చెప్పకుండా, ఏదో ఒక మామూలు హోటల్లోకి నడిచొచ్చి, మామూలు జనం బల్ల దగ్గర కూర్చుని వాళ్లు తినేదే తింటాడు. ఇది ఎవరికీ తెలియకుండా జరగాలి కాబట్టి అన్ని శాఖలకూ ముందే తెలియజేశారు. హోటలుకు రంగులు వేయించారు. వంటవాళ్లకు గోళ్లు తీయించారు. మామూలు జనంగా ఎవరు కూర్చోవాలో పార్టీ ఆఫీసులో ఎంపిక జరిగింది. ఎంపికైనవాళ్లకు ఒక పూట శిక్షణ కూడా ఇచ్చారు. ఆయన లోపలికి రాగానే చూడనట్టు ఉండాలి, లేవకూడదు, తింటూనే ఉండాలి, దగ్గరికొచ్చాక మాత్రం ఆశ్చర్యపోవాలి. ఆశ్చర్యపోవడం ఒక్కటే రెండుసార్లు చేయించారట, మొదటిసారి సరిగ్గా రాలేదని.

ఇదేమీ తెలియని ముగ్గురూ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చున్నారు. చుట్టూ బల్లలన్నీ నిండే ఉన్నాయి. అందరి ముందూ పళ్లేలున్నాయి. ఒక్కడూ నమలడం లేదు. ఎదుటి బల్ల దగ్గర వార్డు కార్యదర్శి కష్టజీవి వేషంలో కూర్చున్నాడు. చొక్కా భుజం మీద మాసిక వేయించుకొచ్చాడు. టైలరమ్మ దాన్నే చూస్తోంది.

"ఏమండీ, ఆ చొక్కా ఎక్కడా చిరగలేదు. చిరగని చొక్కాకి మాసికేమిటి?"

"ఫ్యాషనేమోలే. నువ్వు తిండి మీద ధ్యాస పెట్టు."

"కుట్టినవాడెవడో గానీ కొత్త గుడ్డకి పాత గుడ్డ వేశాడు."

"అమ్మాయ్, హోటలుకొచ్చి కూడా కుట్లు లెక్కపెడతావేమిటి?" అంది ఆడపడుచు. "నాకైతే ఇక్కడంతా పెద్దమనుషుల్లాగే కనిపిస్తున్నారు. ఎంత నిదానంగా తింటున్నారో చూడు."

వేయించిన చేప వచ్చింది. టైలరమ్మకు నొప్పి వచ్చినప్పుడు చెయ్యి వణుకుతుంది. అందుకని లిఫ్టాయన ఆ చేపను తన పళ్లెంలోకి లాక్కుని, ఓపిగ్గా ఒక్కో ముల్లూ ఏరి పక్కన పెట్టాడు. మధ్యమధ్యలో ముక్క నోట్లో వేసుకుని ముల్లు మిగిలిందేమో నాలుకతో వెతికాడు. లిఫ్టు తీగలు సర్దినట్టే ఒద్దికగా సర్దాడు. అంతా అయ్యాక పళ్లెం ఆవిడ వైపు జరపబోయాడు.

అప్పుడు నాయకుడు వచ్చాడు.

ఒక పూట శిక్షణ ఒక జన్మ అలవాటును గెలవలేదు. మామూలు జనం వేషంలో ఉన్నవాళ్లంతా ఒక్కసారిగా కుర్చీలు వెనక్కి తన్ని లేచి నిలబడ్డారు. చేతులు వాటంతటవే జోడించుకుపోయాయి. వార్డు కార్యదర్శి అయితే సగం లేచాక శిక్షణ గుర్తొచ్చి కూర్చోబోయాడు, కూర్చుంటూ మళ్లీ భయమేసి లేచాడు. ఆడపడుచు అందరికన్నా ముందు లేచి, ఫోను తెర మీది బొమ్మనూ మనిషినీ మార్చి మార్చి చూసుకుంది. హోటలు మొత్తంలో లేవనివాళ్లు ఇద్దరే. టైలరమ్మ లేవలేదు, ఆ క్షణంలో పొట్టలో మెలిపెట్టింది. లిఫ్టాయన లేవలేదు, ఆయన ఒక చేతికి నూనె, రెండో చెయ్యి పెళ్లాం వీపు మీద ఉంది.

నాయకుడికి ముందే చెప్పి ఉంచారు: లేవకుండా తింటూ ఉండేవాళ్లే మన మామూలు జనం, వాళ్ల దగ్గర కూర్చోవాలి అని. ఆయన చెప్పిన మాట వినే నాయకుడు. చుట్టూ చూశాడు. కూర్చున్న ఇద్దరూ కనిపించారు. నేరుగా వచ్చి, ఆడపడుచు ఖాళీ చేసిన కుర్చీలో కూర్చున్నాడు.

ఆయన వెనక ఉన్న ఆంతరంగిక కార్యదర్శి మొహం పాలిపోయింది. ఎదుటి బల్ల మీద తిండిని ఆహార పరీక్షాధికారి పొద్దున్నే రుచి చూసి సంతకం చేశాడు. ఈ బల్ల మీది తిండికి ఏ సంతకమూ లేదు. నాయకుడేమో పొద్దుటి నుంచి రాళ్లు పాతీ పాతీ ఆకలి మీద ఉన్నాడు. ముల్లు తీసిన చేప పళ్లెంలో ఎదురుగా ఉంది. ఆయన చెయ్యి అటే వెళ్తోంది.

కార్యదర్శి వంగి లిఫ్టాయన చెవిలో అడిగాడు. "ఇది నువ్వు తిన్నావా?"

"రుచి చూశాను."

"ఎంతసేపైంది?"

"ఇందాక."

"కళ్లు తిరుగుతున్నాయా? వాంతి అనిపిస్తోందా?"

"మీరు అడిగాక అనిపిస్తోంది."

"ఊహలొద్దు. బతికే ఉన్నావుగా" అని కార్యదర్శి నడుం నిటారుగా పెట్టి, "సామాన్యుడు పరీక్షించాడు సార్, నిరపాయం" అని ప్రకటించాడు.

నాయకుడు తిన్నాడు. ప్రతి ముద్దకూ హోటలు చప్పట్లు కొట్టింది. ఆయన ఒకసారి నీళ్లు తాగితే దానికీ కొట్టింది. "ఒక సామాన్యుడు కొరికిన ముక్కను ఏమాత్రం సంకోచం లేకుండా" అంటూ పక్కనే మైకు పట్టుకున్న టీవీ అమ్మాయి దేశానికి వివరించింది. టైలరమ్మ తన చేప ఎదుటివాడి నోట్లోకి పోవడాన్ని చివరి ముక్కదాకా చూసింది. నాయకుడు ఆవిడ వైపు తిరిగి, "చేప బావుంది, ముల్లు లేని జాతి ఏమిటమ్మా ఇది?" అని ఆప్యాయంగా అడిగాడు. ఆయన జన్మలో ముల్లున్న చేప చూడలేదు.

అయితే నిబంధన ఇంకోటి ఉంది. ముందు రుచి చూసినవాడు, నాయకుడు క్షేమంగా హోటలు దాటేదాకా వైద్యుడి పరిశీలనలో ఉండాలి. వాడికి ఏమైనా అయితే నాయకుడికీ అవుతుంది కాబట్టి. కార్యదర్శి చిటికేశాడు. కింద బండిలోంచి డాక్టరు పరుగున వచ్చాడు. నెరిసిన జుట్టు, నిద్రలేని కళ్లు. కుర్చీ లాక్కుని లిఫ్టాయన మణికట్టు పట్టుకుని కూర్చున్నాడు. పక్కనే టైలరమ్మ చెమటలు కక్కుతూ బల్ల అంచు పట్టుకుని ఉంది. డాక్టరు ఒకసారి లిఫ్టాయన్ని చూశాడు. గుర్రంలా ఉన్నాడు. ఒకసారి ఆవిడ్ని చూశాడు. నోరు తెరవబోయి, కార్యదర్శి అక్కడే ఉండటం చూసి మూసుకున్నాడు.

"బాబూ, మీరు ఏ ఆసుపత్రి?" అంది టైలరమ్మ.

"పెద్దాసుపత్రమ్మా. సర్జన్ని."

టైలరమ్మ అతన్ని తేరిపార చూసింది. మూడుసార్లు వరండాలో కూర్చుని ఎదురుచూసిన మనిషి ఇతనే. ఎలా ఉంటాడో అనుకుంది. ఇలా ఉన్నాడు.

"రేపు పొద్దున నాకు ఆపరేషన్ చేయాల్సింది మీరేనా అయితే?"

డాక్టరుకు ఎందరు రోగులో, ఏ మొహం గుర్తుంటుంది. కానీ గడ్డ ఎక్కడుందో, ఎంతుందో ఆవిడ చెప్పేసరికి గుర్తుపట్టాడు. మొహం తిప్పుకున్నాడు. "చేస్తానమ్మా. ఒక్క పూట పని. ఈయన ఇవ్వాళ రాత్రికి ఊరు దాటితే పొద్దున్నే చేసేస్తాను."

"దాటకపోతే?"

"మీకు నవ్వొస్తుందేమో గానీ, నేను చివరిసారి కత్తెర పట్టుకున్నది రిబ్బన్ దగ్గర. పళ్లెం పట్టుకోవాల్సినవాడు రాలేదని నా చేతికిచ్చారు."

టైలరమ్మకు నవ్వు రాలేదు. "నా చెయ్యి కూడా ఒకసారి చూడకూడదూ? ఇటు పక్కనే ఉన్నాను" అంది.

"ఆ చెయ్యి చూడ్డానికి ఉత్తర్వు లేదమ్మా" అన్నాడు డాక్టరు, చాలా చిన్నగా. కార్యదర్శి అటు తిరిగాక బల్ల కిందనుంచి ఆవిడ మణికట్టు కూడా పట్టుకున్నాడు. పట్టుకుని కళ్లు మూసుకున్నాడు. "ఇంకో వారం ఆగకూడదు" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

ఆ మాట లిఫ్టాయన విన్నాడు. జీవితంలో ఎప్పుడూ ఎవరికీ అడ్డురాని మనిషి. చేతి నూనె కూడా తుడుచుకోకుండా నాయకుడి వైపు తిరిగాడు. "అయ్యా, ఒక్క మనవి. రేపు ఒక్కరోజు ఈ డాక్టరుగారిని వదిలిపెట్టండి. మా ఆవిడకి ఆపరేషన్ ఉంది."

నాయకుడు బల్ల దగ్గరే గిన్నెలో చేతులు కడుక్కుంటున్నాడు. ఆ మాట వినగానే ఆయన హృదయం ఎంతగా చలించిందంటే, కెమెరా ఆ పక్క నుంచి ఈ పక్కకు వచ్చేదాకా ఆగి మరీ చలించింది. టైలరమ్మ తల మీద చెయ్యి పెట్టాడు. లేచి నిలబడి ఉపన్యసించాడు.

"సోదర సోదరీమణులారా, ఈ తల్లి ఎవరు? ఈ తల్లి నాకు అన్నం పెట్టిన తల్లి. తన నోటి ముందు ముద్ద తీసి నాకు పెట్టింది. అలాంటి తల్లికి కష్టమొస్తే నేను చూస్తూ ఊరుకుంటానా? ఊరుకోను. ఒక డాక్టర్ని వదలమని ఈయన నన్ను అడుగుతున్నాడు. ఎంత చిన్న కోరిక. నేను డాక్టర్ని మాత్రమే పంపి చేతులు దులుపుకునే మనిషిని కాదు. రేపు ఈ తల్లికి ఆపరేషన్ జరిగే చోటికి నేనే వస్తాను. స్వయంగా నేనే దగ్గరుంటాను. ఇది నా మాట."

హోటలు దద్దరిల్లింది. ఆడపడుచు కళ్లొత్తుకుంది. డాక్టరు రెండు చేతులూ వదిలేసి తల పట్టుకున్నాడు. టైలరమ్మ డాక్టరు మొహం చూసింది. ఏం జరగబోతోందో అర్థమైపోయింది. బల్ల పట్టుకుని, అంతసేపూ లేవలేని మనిషి అప్పుడు లేచింది.

"అయ్యా, మీకు పుణ్యముంటుంది. మీరు రాకండి" అంది.

కొట్టబోతున్న చప్పట్లు గాల్లోనే ఆగాయి. కార్యదర్శి చెయ్యి తెలియకుండానే పక్కనున్న తుపాకీ కాపలావాడి వైపు వెళ్లింది. నాయకుడు మాత్రం నవ్వాడు. ఆయన నవ్వు ఆయన బొమ్మలకన్నా బావుంటుంది.

"చూశారా?" అన్నాడు జనంతో. "చూశారా ఈ సంస్కారం? కడుపులో నొప్పి పెట్టుకుని కూడా నాకు శ్రమ అవుతుందని బాధపడుతోంది. రావద్దంటోంది. ఇలాంటి ప్రజలున్నంత కాలం నాకు ఓటమి లేదు. అమ్మా, నువ్వు వద్దన్నా వస్తాను."

టైలరమ్మ మళ్లీ అంది. "వద్దండీ, నిజంగానే రాకండి." రెండోసారి అన్నందుకు చప్పట్లు మొదటిసారికన్నా ఎక్కువ పడ్డాయి. ఇంకోసారి అంటే ఏ బిరుదో ఇచ్చేస్తారని ఆవిడ కూర్చుండిపోయింది. దిగేటప్పుడు లిఫ్టు నాయకుడి కోసం ఆపి ఉంచారు. లిఫ్టాయన తాను బాగుచేసిన లిఫ్టు పక్కనుంచే పెళ్లాన్ని పట్టుకుని మెట్లు దింపాడు.

మర్నాడు ఆసుపత్రికి మహర్దశ పట్టింది. నాయకుడు వస్తున్నాడంటే గోడలు ఊరుకుంటాయా. ఆపరేషన్ థియేటర్‌కు రాత్రికి రాత్రే రంగు వేశారు. ఆ రంగు ఆరలేదు, వాసన పోలేదు కాబట్టి ఆ రోజు అందులో ఎవరికీ ఆపరేషన్ చేయడానికి వీల్లేదు. థియేటర్ ఇంత బావుండటం ఆ ఆసుపత్రి చరిత్రలో ఎన్నడూ లేదని అందరూ ఒప్పుకున్నారు. వార్డు కంటికి నిండుగా, శుభ్రంగా కనిపించాలి కాబట్టి మొండి దగ్గులవాళ్లనూ, చీము పుళ్లవాళ్లనూ వెనక షెడ్డులోకి మార్చారు. రోగులు లేని వార్డు నిజంగానే చాలా ఆరోగ్యంగా ఉంది.

సూపరింటెండెంటు వచ్చి టైలరమ్మను చూశాడు. ఎగాదిగా చూశాడు. పక్కకెళ్లి ఎవరితోనో గుసగుసలాడి వచ్చాడు.

"ఏమీ అనుకోకమ్మా. నువ్వు మరీ జబ్బుగా ఉన్నావు."

"జబ్బు కాబట్టే వచ్చానండీ."

"అది సరే. టీవీలో చూపించాలి. ఆపరేషన్ అయిపోయి కోలుకుంటున్నట్టు కనిపించాలి. నిన్ను చూస్తే మా ఆసుపత్రి మీదే అనుమానం వస్తుంది. నీ బదులు మీ ఇంట్లోంచే ఇంకెవరైనా... కాస్త మొహంలో కళ ఉన్నవాళ్లు..."

అందరూ ఆడపడుచు వైపు చూశారు. ఆవిడ అప్పటికే చెప్పులు విప్పింది.

"నేను పడుకుంటాను" అంది. "ఇంటి పరువు కదా. పైగా నా పుట్టింటి పేరూ ఇదే. అబద్ధం కూడా అవ్వదు."

"అక్కా, నువ్వు ఊరుకో" అన్నాడు లిఫ్టాయన.

"నువ్వు నోరు ముయ్యి తమ్ముడూ. ఆయన అంత దూరం నుంచి నీ పెళ్లాం కోసం వస్తుంటే మంచం ఖాళీగా ఉంచుతావా?"

టైలరమ్మను వెనక షెడ్డులో దగ్గులవాళ్ల మధ్య కూర్చోబెట్టారు. అక్కడొక టీవీ ఉంది. అందులోంచే ఆవిడ తన ఆపరేషన్ విజయవంతం కావడం చూసింది. ఆడపడుచు తెల్ల దుప్పటి కప్పుకుని పొట్టకు పెద్ద కట్టు కట్టించుకుని పడుకుని ఉంది. నాయకుడు ఆవిడ చెయ్యి పట్టుకుని, "ఎలా ఉందమ్మా?" అన్నాడు. నిన్న చూసిన మొహం కాదని ఆయనకు తెలియలేదు. ఆయన నిన్న చూసింది చేపను. "మీ చెయ్యి తగిలింది, నొప్పి పోయింది" అని ఆడపడుచు కళ్లనీళ్లు పెట్టుకుంది. ఆ కన్నీళ్లు నిజమైనవి. మంచం పక్కన డాక్టరు తొడుగులు వేసుకుని, ముసుగు కట్టుకుని నిలబడ్డాడు. ముసుగు వల్ల ఆయన ఏ మొహం పెట్టాడో దేశానికి తెలియలేదు. అరగంటలో నాయకుడు వెళ్లిపోయాడు. డాక్టర్ని కూడా ఎక్కించుకునే వెళ్లారు.

ఆ తర్వాత జరిగినవన్నీ పద్ధతి ప్రకారమే జరిగాయి. టీవీలో ఆపరేషన్ అయిన మనిషి మర్నాడే వీధిలో తిరిగితే నాయకుడికి అప్రతిష్ఠ. అందుకని ఆడపడుచు ఇంట్లో మంచం దిగకూడదని వార్డు కార్యదర్శి వచ్చి చెప్పి వెళ్లాడు. ఈసారి మాసిక లేని చొక్కా వేసుకొచ్చాడు. ఆడపడుచు దిగలేదు. చుట్టుపక్కలవాళ్లు పళ్లు పట్టుకొచ్చి పరామర్శించారు. టైలరమ్మ ఆవిడకు పథ్యం వండి పెట్టింది, కాళ్లు పట్టింది, వచ్చినవాళ్లకు టీలు అందించింది. "ఆడబిడ్డకి ఎంత సేవ చేస్తోందో, కాకపోతే మనిషే కాస్త నీరసంగా ఉంది" అని చుట్టుపక్కలవాళ్లు మెచ్చుకుని వెళ్లారు.

ఒకరోజు సాయంత్రం పథ్యం పళ్లెం పట్టుకొస్తూ టైలరమ్మ గడప దగ్గర పడిపోయింది. లేచేసరికి చీరంతా రక్తం. ఆడపడుచు మంచం మీద లేచి కూర్చుంది. అంతవరకూ ఆవిడకు ఇదంతా ఇంటి పరువు. నేల మీద రక్తం చూశాక దుప్పటి పక్కకు తోసింది. "అమ్మాయ్, నీకోసమే పడుకున్నానే" అంది.

"తెలుసు వదినా. కాస్త జరుగు. ఇప్పుడు నేను పడుకుంటాను" అంది టైలరమ్మ.

మర్నాడు లిఫ్టాయన ఆవిడ్ని పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. తేదీలు ఇచ్చే గుమాస్తా ఇద్దర్నీ చూసి సంతోషించాడు.

"మీ ఇంట్లో ఆపరేషన్ అయిపోయింది కదండీ. మేమంతా టీవీలో చూశాం."

"అయింది మా అక్కకి. ఆవిడకు జబ్బు లేదు" అన్నాడు లిఫ్టాయన.

"అందుకేనా అంత బాగా కోలుకున్నారు" అన్నాడు గుమాస్తా. "చూడండి, నాయకుడుగారు నయమైందని చెప్పాక, నాబోటి గుమాస్తా కాలేదని తేదీ ఇస్తే బావుంటుందా? పై నుంచి అడిగితే నేనేం చెప్పాలి? గడ్డ మళ్లీ వచ్చిందని చెప్పుకోండి. మళ్లీ వచ్చిందంటే అభ్యంతరం లేదు. కాకపోతే మళ్లీ రావడానికి ఆర్నెల్లైనా పట్టాలి."

బయట గేటు దగ్గర తెల్ల అంబులెన్స్ ఆగి ఉంది. ఇంకాసేపట్లో ఎక్కడికో బయల్దేరాలి. డాక్టరు లోపల కూర్చుని ఉన్నాడు. కిటికీ అద్దం దింపి టైలరమ్మ కనురెప్ప లాగి చూశాడు. అప్పటికప్పుడే ఒక సీసా రక్తం ఎక్కించమని తన చేత్తోనే చీటీ రాసిచ్చాడు. అదొక్కటీ ఆయన అధికారంలో ఉందట.

"మీరు దిగి రండి బాబూ" అన్నాడు లిఫ్టాయన. "చేతులు పట్టుకుంటాను."

"నాకై నేను దిగితే ఉద్యోగం పోతుంది. పోతే పోయింది అనుకున్నా, రేపు ఇదే బండిలో ఇంకో డాక్టర్ని కూర్చోబెడతారు, ఆయన రోగులు ఇంకో వరండాలో కూర్చుంటారు." డాక్టరు డ్రైవరు వైపు చూశాడు. డ్రైవరు అద్దంలో తల దువ్వుకుంటూ ఏమీ విననట్టు ఉన్నాడు. "సోమవారం నాయకుడు ఇంకో అనుకోని భోజనానికి వెళ్తున్నాడు. మార్కెట్ వీధిలోంచే. నేను దిగలేను. ఎవరైనా దింపితే మాత్రం, దింపారని చెప్పుకుంటాను. ఆవిడ్ని మాత్రం పొద్దున్నే ఖాళీ కడుపుతో తెచ్చి కూర్చోబెట్టండి."

కథ ఇంతే. మిగతాది రాయాల్సింది నేను కాదు. ఇది చదివి పాపం అని నాలుక చప్పరించి పేజీ తిప్పబోతున్న మీరు. హోటల్లో కుర్చీ తన్ని లేచింది మీరే, రెండోసారి వద్దన్నప్పుడు ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టింది మీరే, ఆడపడుచుకు పళ్లు పట్టుకెళ్లింది మీరే. సోమవారం ఎలాగూ మార్కెట్ వీధిలో రోడ్డు పక్కన నిలబడతారు. ఎన్ని బండ్లో చూడ్డానికి. నిలబడండి, వద్దనను. పైలట్ బండ్లను పోనివ్వండి. నాయకుడి బండిని పోనివ్వండి, ఆయన ఆకలి మీద ఉంటాడు. చివర్న తెల్లబండి వస్తుంది. దాని ముందు నిలబడండి. పదిమంది చాలు. అద్దం పగలగొట్టకండి, అది రేపు మనల్నే మోయాలి. తలుపు తీయండి, డాక్టర్ని కిందకు దింపండి, పక్కనే ఉన్న ఆటో ఎక్కించండి, పెద్దాసుపత్రికి పొమ్మనండి. ఫోన్లు జేబులో పెట్టుకోండి, రెండు చేతులూ కావాలి. ఆవిడ పొద్దుటి నుంచి ఏమీ తినకుండా వరండాలో కూర్చుని ఉంటుంది.